ఆదివారమే బయల్దేరిన చీర

మా ఇంట్లో పరుపులు ఎక్కువ. ఈ విషయంలో మా అబ్బాయికి చాలా అభ్యంతరాలున్నాయి. మెట్ల కింద కొన్ని, గరాజ్‌లో కొన్ని, పాత దుప్పట్ల పెట్టె ఒకటి వేరే. మొన్న పొద్దున టీవీలో సముద్రం మీద తెల్లటి సుడి కనిపించగానే తీరం నుంచి వచ్చేవాళ్ళ కోసం పరుపులన్నీ బయటికి తియ్యమన్నాను. వాడు ఫోన్‌లోంచి తలెత్తి, "హోటల్స్ ఉన్నాయి కదమ్మా. అసలు వాళ్ళు మనకి ఎలా రిలేటెడ్?" అన్నాడు.

ఇదే ప్రశ్న మా నాన్న మా అమ్మను అడగడం నేను చెవులారా విన్నాను. అప్పుడు నేను నాలుగో క్లాసు. అట్లాంటాకు ఉత్తరాన ఒక ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఇంకా పైకి, అల్ఫారెట్టా వైపు పోతే, ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోట గుర్రాలు మేసేవి. పై అంతస్తులో ఒక హైదరాబాద్ ఆంటీ తప్ప, తెలుగు మాట వినాలంటే ఆదివారం దాకా ఆగి, ఎవరిదో ఒకరి బేస్‌మెంట్‌లో భజనకు వెళ్ళాలి. కందిపప్పు న్యూయార్క్ నుంచి పార్సెల్‌లో వచ్చేది. అది అయిపోతే ఇక్కడి పసుపు బఠాణీ బద్దలే మాకు పప్పు. అమ్మ పుల్లటి ఆకుపచ్చ ఆపిల్స్‌తో ఆవకాయ పెట్టేది. ఆవపిండి కలిపిన రోజు పక్కింటి కుక్క మా గుమ్మం ముందు నిలబడి తుమ్ముతూ ఉండేది.

ఏడు గంటలు డ్రైవ్ చేస్తే, అలబామాలో సముద్రం ఒడ్డున, ఓడలు కట్టే యార్డులో పనిచేసే ఒక మామయ్య ఉండేవాడు. మామయ్య అంటే అమ్మ సొంత తమ్ముడు కాదు. అమ్మ మేనమామ తోడల్లుడి చెల్లెలి కొడుకు. మా నాన్న ఇంజినీరు. ఈ చుట్టరికాన్ని ఒకసారి కాగితం మీద బొమ్మ గీసి అర్థం చేసుకోబోయి, సగంలో పెన్ను పడేసి టీ అడిగాడు.

ఆ వేసవిలో మామయ్యావాళ్ళు మా ఇంటికి వచ్చి వెళ్ళారు. కడుపుతో ఉన్న అత్తయ్య, మామయ్య వాళ్ళమ్మ కూడా. ఆవిడ అప్పుడే కొత్తగా ఇండియా నుంచి వచ్చింది. ఆవిడ అమ్మకు పిన్ని వరస, మాకు అమ్మమ్మ. కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గర ఊరు ఆవిడది. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం పది ఇళ్ళకు వినిపించేది. వెళ్తూ వెళ్తూ బాత్‌రూమ్ కడ్డీ మీద ఆరేసిన ఆకుపచ్చ మంగళగిరి చీర మర్చిపోయింది. అమ్మ దాన్ని ఉతికి పెట్టెలో పెట్టింది. నేనూ తమ్ముడూ దాన్ని పెట్టెలోంచి తీసి డైనింగ్ కుర్చీలకు కట్టి టెంట్ వేశాం. అమ్మ రెండుసార్లు తిట్టి, మూడోసారి ఊరుకుంది.

సెప్టెంబర్‌లో ఒక సోమవారం సాయంత్రం వార్తల్లో, తుఫాను నేరుగా మామయ్యావాళ్ళ ఊరి మీదికే వస్తోందన్నారు. బుధవారం తీరం దాటుతుందట. అమ్మ అప్పటికప్పుడు ఫోన్ చేసి, పొద్దున్నే బయల్దేరి వచ్చెయ్యమంది. ఫోన్ పెట్టగానే నాన్న, "వాళ్ళు మనకి అసలు ఏమవుతారు?" అన్నాడు.

"ముందు రానివ్వండి. వచ్చాక తీరిగ్గా కూర్చుని లెక్క కడదాం," అంది అమ్మ.

మా అమ్మ ఆ గొంతుతో మాట్లాడినప్పుడు ఎదురు చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

మంగళవారం నాకు గొంతు నొప్పి వచ్చింది. స్కూల్ బస్ వెళ్ళిపోయేదాకా వచ్చింది. నన్ను చూసి తమ్ముడూ తెచ్చుకున్నాడు. ఇద్దరం టెంట్‌లో దూరి, జామ్ రాసిన బ్రెడ్ తింటూ ఎలుగుబంట్ల ఆట ఆడుతుంటే వంటింటి గోడ ఫోన్ మోగింది. మామయ్య. అప్పట్లో దూరం కాల్స్‌లో అందరూ అరిచే మాట్లాడేవారు, రిసీవర్ లోంచి గొంతు సోఫా దాకా వినిపించేది.

"అక్కా, అమ్మ కదలనంటోంది. సామాను కార్లో పెట్టేశాను. ఇవాళ మంగళవారం, ఉత్తరం శూల అంటోంది. రేపూ శూలేట. గురువారం పోదామంటోంది."

వారాన్ని బట్టి ఒక్కో దిక్కుకు ప్రయాణం పనికిరాదని పెద్దవాళ్ళ పట్టింపు. దాన్నే శూల అంటారు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి పోకూడదు. మేముండేది వాళ్ళకు సరిగ్గా ఆ దిక్కునే.

"గురువారానికి అక్కడ ఇల్లుంటుందా?" అంది అమ్మ.

"నేనూ అదే అన్నాను. అత్తయ్యగారిని వదిలి రానని ఈవిడ సోఫాలో కూర్చుంది. ఎనిమిదో నెల. నేను ఎవర్ని ఎత్తుకుని కార్లో పడెయ్యాలి చెప్పు!" మామయ్య గొంతు వణికింది. పెద్దవాళ్ళ గొంతు వణుకుతుందని నాకు ఆ రోజే తెలిసింది. నోట్లో బ్రెడ్ అలాగే ఉండిపోయింది.

మా నాన్న ఇంట్లో ఉంటే పంచాంగాన్ని, దాన్ని రాసినవాళ్ళను, నమ్మినవాళ్ళను ఏకిపారేసేవాడు. అమ్మ మాత్రం, "ఫోన్ పిన్నిగారికి ఇవ్వు," అంది.

అమ్మమ్మకు రిసీవర్ అక్కర్లేదు, ఊరికే అరిచినా మాకు వినిపించేదేమో. "చూడమ్మాయ్, ఒక్క శూల గురించే అనుకుంటన్నారు మీరంతా. మా ఊరి మీదికి ఉప్పెన వచ్చిన్నాడు ఇల్లొదిలి గట్టు మీదికి పరిగెత్తినోళ్ళు ఒక్కళ్ళు తిరిగి రాలా. మీ బాబాయి కూడా అట్టా పరిగెత్తినోడే. నేను మిద్దె మీద కూచున్నా. నేను మిగిలా. ఇల్లొదలమని నాకు ఎవ్వళ్ళూ చెప్పమాకండి."

అమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఫోన్ వైరు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఆవిడకు ఏం చెప్తుంది? నీళ్ళు ఎంత ఎత్తు లేస్తాయో టీవీ వాళ్ళకంటే ఆవిడకే బాగా తెలుసు. అప్పుడు అమ్మ చూపు మా టెంట్ మీద పడింది. అక్కడే నిలిచింది.

"పిన్నీ, నువ్వు ఇవాళ బయల్దేరడం ఏంటి?" అంది. అంతవరకూ పిన్నిగారూ, మీరూ అనే మా అమ్మ మొదటిసారి నువ్వు అంది. "నువ్వు ఆదివారమే బయల్దేరావుగా. నీ ప్రస్థానం ఇక్కడే ఉంది."

మంచి రోజున ప్రయాణం కుదరకపోతే పెద్దవాళ్ళకు ఒక దారి ఉంది. ముందే ఒక మంచి ఘడియ చూసి, తమ బట్ట ఒకటి, కాసిన్ని బియ్యం కట్టి, వెళ్ళాల్సిన దిక్కులో వేరేవాళ్ళ ఇంట్లో పెడతారు. దాన్నే ప్రస్థానం అంటారు. ఆ మూట గడప దాటితే మనిషి దాటినట్టే. తర్వాత ఏ రోజు వెళ్ళినా అది కొత్త ప్రయాణం కాదు, మొదలైన ప్రయాణమే.

అమ్మమ్మ గొంతు మారింది. అచ్చం కోర్టులో వకీలు గొంతు.

"ఏ చీర?"

"ఆకుపచ్చ మంగళగిరి. ఎర్రంచుది."

"అది నేను మర్చిపోయిందే."

"మర్చిపోయిందే. ఆదివారం పొద్దున పూజయ్యాక నీ పేరు చెప్పి తీసి పెట్టా."

"మడత పెట్టావా?"

"మడతే." అమ్మ కళ్ళు పెద్దవి చేసి మా వైపు చూసింది. ఆ క్షణాన ఆ చీర నాలుగు కుర్చీల మీద పరుచుకుని ఉంది, దాని కింద ఎలుగుబంటి వేషంలో తమ్ముడున్నాడు. నేను ముడులు లాగాను. ఒక కుర్చీ పడింది.

"ఏంటా చప్పుడు?"

"పిల్లలు. స్కూల్ మానేశారు, తర్వాత చెప్తా వీళ్ళ సంగతి."

"చీర నేల మీద పెట్టావా ఏంటి?"

"రామ రామ. పీట మీద."

మా ఇంట్లో పీట లేదు. నేను లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ తెచ్చి నేల మీద వేసి, దాని మీద చీర మడత పెట్టాను. జామ్ చేతులతోనే పెట్టాను.

"బియ్యం?"

"కొంగున కట్టా." నేను అప్పటికే బియ్యం డబ్బా దగ్గరికి పరిగెత్తాను. గుప్పిట్లోవి సగం కార్పెట్ మీద పోయాయి. ఆ తర్వాత చాలా వారాలు వాక్యూమ్ పెట్టినప్పుడల్లా అవి గలగలమనేవి.

"అయితే నేను దారిలో ఉన్నట్టేనంటావ్," అంది అమ్మమ్మ. గొంతు తగ్గింది.

"ఉన్నట్టేంటి పిన్నీ, ఉన్నావు. ఇంకా రాలేదేంటా అని నేనిక్కడ చూస్తున్నా. లే. కారెక్కు."

తర్వాత మామయ్య అందుకున్నాడు. "అక్కా, అమ్మ కత్తిపీట ఎక్కడుందని అడుగుతోంది," అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఫోన్ పెట్టేశాక అమ్మ నేల మీద కూలబడి, చీర వైపు చూసి, మా ఇద్దర్నీ దగ్గరికి లాక్కుంది. గొంతు నొప్పి సంగతి అడగలేదు.

దీపాలు పెట్టే వేళకు వచ్చారు. దారి పొడుగునా కార్లేనట. అత్తయ్య కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. ఇంటి పత్రాలన్నీ బల్ల మీదే వదిలేసి వచ్చారు గానీ, టవల్లో చుట్టిన కత్తిపీట, బియ్యం బస్తా, గోంగూర జాడీ మాత్రం భద్రంగా దిగాయి. పై అంతస్తు హైదరాబాద్ ఆంటీ పరుపు ఒకటి మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ వచ్చింది. "నువ్వేం ఫికర్ చెయ్యకక్కా. ఇంకోటి గూడ ఉన్నది, మా ఆయన తెస్తడు," అంది. అమ్మమ్మ గడప మీద ఆగి, కుడికాలు లోపల పెట్టి, నేరుగా డైరెక్టరీ మీదున్న చీర దగ్గరికి వెళ్ళింది. వంగి ముట్టుకుంది.

బుధవారం ఇల్లంతా పులిహోర వాసన. నిమ్మకాయ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ సీసాలోంచి పిండిన పులుపు, వేయించిన వేరుశనగలు, ఇంగువ. సాయంత్రానికి మా కిటికీల మీద కూడా వాన కొట్టింది. మామయ్య రేడియో పక్కనుంచి లేవలేదు. తీరంలో ఫోన్లు పోయాయి, అక్కడి సంగతి ఇక ఎవరికీ తెలియదు. అమ్మమ్మ వంటింట్లో కత్తిపీట వేసుకుని బెండకాయలు తరుగుతూ కూర్చుంది. గాలి హోరు పెరిగినప్పుడల్లా కిటికీ వైపు తిరిగి, "పోవే! చాలు, పోవే!" అని కసిరేది. పాలు దొంగతనానికి వచ్చిన పిల్లిని కసిరినట్టే. నేనూ తమ్ముడూ పక్కన కూర్చుని మేమూ కసిరాం. మాకు భయం వెయ్యలేదు. ఆ కసుర్లకు తుఫాను దారి మళ్ళుతుందనే నమ్మాం.

రెండు రోజుల తర్వాత అపార్ట్‌మెంట్ మేనేజర్ వచ్చాడు. అసలు అతనికి తెలిసేదే కాదు. మా గుమ్మం బయట చెప్పులు పట్టించాయి. లీజ్‌లో ఉన్నది నలుగురు, తలుపు ముందు దుకాణం పెట్టినట్టు చెప్పులు. అతను మెట్లెక్కడం కిటికీలోంచి చూసి నేనూ తమ్ముడూ అందినన్ని జతలు దిండు గలీబులో కుక్కి సోఫా వెనక దాచాం. మాకు మేమే తెలివైనవాళ్ళమనుకున్నాం.

"ఎంతమంది ఉంటున్నారు ఇక్కడ?" అన్నాడతను.

"గెస్ట్స్..." అని మొదలుపెట్టాడు నాన్న.

అప్పుడే లోపల్నుంచి కేక. "ఎవడ్రా వీడు, తలగడలో చెప్పులు పెట్టింది! ఇంట్లోకి చెప్పులా!" అమ్మమ్మ గలీబు పట్టుకుని వచ్చింది. మేనేజర్‌ను పక్కకు జరగమని చేత్తో సైగ చేసి, అతని బూట్ల పక్కనే ఒక్కొక్క జతా తీసి గడప బయట వరసగా పేర్చింది. మామయ్యవి, అత్తయ్యవి, తనవి, మావి. నాన్న మొహం పాలిపోయింది. అమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వి, తలుపు బార్లా తీసింది.

"గెస్ట్స్ కాదు," అంది మేనేజర్‌తో, తన ఇంగ్లీషులో. "ఫ్యామిలీ. వాళ్ళ ఊరు తుఫానులో ఉంది. ఇల్లు ఉందో లేదో తెలీదు. తెలిసేదాకా ఇక్కడే ఉంటారు."

"అందరూ ఫ్యామిలీయేనా?"

"అందరూ."

రూల్స్ చెప్పాడు, రెండు వారాల్లో ఖాళీ చెయ్యాలన్నాడు, ఒక కాగితం చేతికిచ్చాడు. అమ్మ థాంక్యూ చెప్పి తీసుకుని, ఆ రాత్రి భోజనాల దగ్గర వేడి పప్పు గిన్నె కింద వేసింది. వాళ్ళు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ కాగితం ఆ పనే చేసింది. రెండు వారాలు దాటాయి. మేనేజర్ చెప్పుల వైపు చూస్తూ వెళ్ళేవాడు, తలుపు మాత్రం మళ్ళీ తట్టలేదు.

మామయ్యా నాన్నా కలిసి వెళ్ళి ఇల్లు చూసొచ్చారు. తిరిగొచ్చాక నాన్న మట్టి బూట్లతో మా గుమ్మం బయటే చాలాసేపు నిలబడ్డాడు. పైన్ చెట్టు ఒకటి కప్పు చీల్చుకుని, అమ్మమ్మ పూజ చేసుకునే గది మధ్యలో పడుందట. గోడల మీద నడుం ఎత్తున ఉప్పునీటి గీత. మామయ్య ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. అత్తయ్య పొట్ట మీద చెయ్యి వేసుకుని వింది. వాళ్ళు మనకు ఏమవుతారని మా నాన్న ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. లెక్క కట్టే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మ ఆ ఆకుపచ్చ చీర కట్టుకుందామని విప్పింది. నేను తలుపు చాటున ఉన్నాను. కొంగులోంచి బియ్యం రాలాయి. చీర మధ్యలో ఎర్రగా, బంకగా, నా వేళ్ళు అయిదూ.

"పీట మీద పెట్టిన చీరకి జామ్ ఎట్టా అంటిందే?" అంది అమ్మతో.

అమ్మ తల దించుకుంది. "అబద్ధం చెప్పాను పిన్నీ. ప్రస్థానం లేదు, ఏం లేదు. పిల్లలు టెంట్ వేసుకున్నారు."

"నాకు ఫోన్లోనే తెలుసు." అమ్మమ్మ మంచం అంచున కూర్చుంది. "కుర్చీ పడ్డ చప్పుడు వినపళ్ళేదనుకున్నావా? శూల నిజమే, భయం నిజమే. కాని నువ్వు ఇంతలా పిలుస్తంటే ఎట్టా కూచోను? ఆ రోజు మా ఊళ్ళో మమ్మల్ని ఇట్టా పిలిచినోళ్ళు లేరమ్మాయ్. మీ బాబాయికి ఎటు పరిగెత్తాలో తెలియలా. ఫలానా ఇంట్లో నీ కోసం చూస్తన్నారు, అటు రా అని ఒక్కళ్ళు అనుంటే..." అక్కడ ఆగిపోయింది. అమ్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. నాకు వాళ్ళిద్దరి మీదా పట్టరానంత ప్రేమ వచ్చింది. ఎందుకో ఆ మేనేజర్ మీద, సముద్రం మీద పిచ్చి కోపం కూడా వచ్చింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు.

పాప మా దగ్గరే పుట్టింది. ఇల్లు బాగయ్యాక వాళ్ళు వెళ్ళిపోయే రోజున అమ్మమ్మ ఆ చీర మళ్ళీ మడత పెట్టి, కొంగున కొత్తగా బియ్యం కట్టి, డైరెక్టరీ మీద పెట్టింది. జామ్ మరక ఉతికినా పూర్తిగా పోలేదు. "ఇది ఇక్కడే ఉండనీ. ఇంకెవళ్ళైనా మొండికేస్తే పనికొస్తది," అంది.

అమ్మమ్మ పోయింది, మామయ్య పోయాడు, మా అమ్మానాన్నా పోయారు. ఆ అపార్ట్‌మెంట్లు కూలగొట్టి పార్కింగ్ లాట్ వేశారు. ఏ ఇల్లు మారినా చీర నాతోనే వచ్చింది. నాలుగైదు తుఫాన్లు మా ఇంట్లో పరుపులు పరిపించాయి. కార్లు రోడ్డు మీద పెట్టకూడదని మా కాలనీ వాళ్ళు ప్రతిసారీ నోటీసు పంపుతారు. నేను ప్రతిసారీ దాన్ని పప్పు గిన్నె కింద వేస్తాను.

మొన్న పొద్దున శాంటా క్లారా నుంచి ఆ పాపే ఫోన్ చేసింది. ఆమెకిప్పుడు పెళ్ళీడుకొస్తున్న కూతురుంది. "వదినా, మమ్మీ అస్సలు లిజెన్ చెయ్యట్లేదు. నైబర్స్ కార్లో రెడీగా ఉన్నారు, ఎక్కనంటోంది. నువ్వు కాల్ చెయ్యి, ప్లీజ్."

అత్తయ్య ఇప్పటికీ ఆ ఊళ్ళో, ఆ ఇంట్లోనే ఉంటుంది. ఫోన్ చేశాను. మోకాళ్ళ నొప్పి అంది. కొత్త కప్పు గట్టిదంది. "ఈ వయసులో ఎవరింటికో పోయి భారం కావడం నాకిష్టం లేదే," అంది.

"అత్తయ్యా, నువ్వు ఇవాళ బయల్దేరడం ఏంటి? నువ్వు ఆదివారమే బయల్దేరావుగా."

అటువైపు గాలి అప్పుడే మొదలైనట్టుంది, కిటికీ ఏదో కొట్టుకుంటోంది.

"ఏ చీర?" అంది.

"ఆకుపచ్చది."

"మడత పెట్టే ఉందా?"

"మడతే."

"పీట మీదేనా?"

"పీట మీదే."

"మరక?"

"అదీ ఉంది."

అత్తయ్య ముక్కు చీదింది. "పక్కింటివాళ్ళు కూడా వస్తారు మరి. ఇద్దరు పిల్లలు. పిల్లి కూడా. ఎసట్లో కాస్త ఎక్కువ పోసుకో," అని ఫోన్ పెట్టేసింది.

మా అబ్బాయి పరుపు ఒకటి మోసుకుని హాల్లోకి వచ్చాడు. "ఆ నైబర్స్ మనకి ఎలా రిలేటెడ్?" అన్నాడు.

"ముందు రానీరా," అన్నాను.

వీధి తలుపు తీసి, నా చెప్పులు ఒక చివరికి జరిపాను. మిగతావి వరసగా పెట్టుకోవడానికి చోటుండాలి.